డిసెంబరు కాగితం అట్ట

అద్దానికి అవతల పుస్తకం ఉంది, ఇవతల మేమున్నాం. మధ్యలో తాళం. ఆ తాళానికి కుంకుమ బొట్టు. తాళం చెవి మామ మొలతాడుకి ఉంది. మామ మాత్రం మా వైపు చూడకుండా రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తున్నాడు.

ఇది దసరా నవమి నాటి మధ్యాహ్నం సంగతి. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్తాను.

మా జిరాక్స్ దుకాణం పక్కన రేకుల పంచ కింద ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో ఎవరైనా పుస్తకం పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. మార్కాపురం పలకల ఊరు కాబట్టి బోర్డు కూడా పలక మీదే ఉంటుంది: "తీసుకో, పెట్టు." జల్లు పడినప్పుడల్లా సుద్దముక్క రాత సగం చెరిగిపోతుంది. "తీసుకో" మాత్రమే మిగిలిన రోజుల్లో బీరువా బాగా ఖాళీ అయ్యేది.

దాన్ని పెట్టింది బస్సు డ్రైవరుగా రిటైరైన మామ. నాకు మేనమామేం కాదు, మా వీధి మొత్తానికి మామ. మూతపడిన బట్టల కొట్టు వాళ్ళ దగ్గర బీరువా తెచ్చి, చెదలు పట్టకుండా కాళ్ళ కింద పలకరాళ్ళు పేర్చి నిలబెట్టాడు. "ఇన్నేండ్లు మనుషులను ఎక్కించినా, దించినా. ఇప్పుడు పుస్తకాలను ఎక్కిచ్చి దించుతా" అంటాడు. పుస్తకం చదవగా నేనైతే చూడలేదు. ఆయనకు వరసలు కావాలి. పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క. బస్సులో నిలబడ్డవాళ్ళను సర్దినట్టు సర్దుతుంటాడు.

నా వృత్తి నకళ్ళు తీయడం. పాసు పుస్తకాలు, మార్కుల జాబితాలు, ఆధార్ కార్డులు. ఊళ్ళోని అసళ్ళన్నీ నా చేతుల మీదుగా పోతాయి, ఒక్కటీ నా దగ్గర ఆగదు. ఆ బీరువా వచ్చాక గిరాకీ లేని సాయంత్రాల్లో అసలు అంటే ఏమిటో నాకు కొంచెం తెలిసింది. పసుపు మరకల వంటల పుస్తకం ఒకటి దొరికింది. ఏ వంట ఎక్కువసార్లు వండారో మరకను బట్టే తెలిసిపోయేది. వారపత్రికల్లోంచి ఎవరో వారం వారం సీరియల్ చింపి దారంతో కుట్టుకున్న పుస్తకం ఒకటి దొరికింది. సరిగ్గా పెళ్ళి పీటల దగ్గర కథ ఆగింది, ఆ తర్వాతి వారాలు అందులో లేవు. ఆ కథలో పిల్లకు పెళ్ళయిందో లేదో తెలియక నేను చాలా రోజులు అన్యమనస్కంగా జిరాక్సులు తీశాను. ఒకాయన రేషన్ కార్డుకు రెండు వైపులా ముందు వైపే వేసిచ్చాను.

నవమికి రెండు రోజుల ముందు ఎవరో ఒక సంచీడు పదో తరగతి గైడ్లు బీరువాలో పెట్టి పోయారు. అన్నిటికీ క్యాలెండరు కాగితంతో అట్టలు వేసి ఉన్నాయి, బొమ్మ లోపలికి, తెలుపు బయటికి. గైడ్లు దారి చూపిస్తాయని పేరే గానీ వాటిని చూస్తే నేను దారి మార్చుకుంటాను. అయినా చేయి ఊరుకోక ఒకటి తెరిచాను. అది గైడు కాదు, పాటల పుస్తకం. క్రైస్తవుల కీర్తనలు. కాగితం తేనె రంగుకు తిరిగింది, అంచులు వేళ్ళ తడికి మెత్తబడ్డాయి. చర్చిల్లో ఇప్పుడు పాడే పాటలు కావవి. కోతలు, కలుపులు, గొర్రెల దొడ్లు, ఎండిన చెరువులు, మన పల్లెల సామాన్లన్నీ దేవుడి దగ్గరికి మోసుకుపోయిన పాటలు. ఒక పాట పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో నిలువు గీత ఉంది. కూలికి పోయిన మనిషి చివరి చరణంలో కొడవలి దించి ఇంటికి వెళ్ళే పాట. రెండుసార్లు చదివాను. పండగ పోయాక ఇంటికి పట్టుకుపోదామని గైడ్ల మధ్యలోనే దాన్ని దూర్చాను. గైడ్లను ఎవరూ ముట్టుకోరన్న నమ్మకం నాది.

నవమి నాడు పొద్దున మామ బీరువాకు ఆయుధ పూజ చేశాడు. నా జిరాక్స్ మిషన్‌కూ చేసుకున్నాను. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, బంతిపూల దండ. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు కదిలించకూడదు. మర్నాడు దశమి పొద్దున కొబ్బరికాయ కొట్టి ఉద్వాసన చెప్పాకే మళ్ళీ చేయి వేయాలి. ఎవరూ పొరపాటున తెరవకుండా మామ ఆ ఒక్క రోజుకి బీరువాకు తాళం వేశాడు. పూజకు ముందు దుమ్ము దులిపి పుస్తకాలన్నీ మళ్ళీ సర్దాడు కూడా. గైడ్లన్నీ కింది అరలో బిగించిన వరసలో నిలబడ్డాయి, తెల్ల వెన్నులు బయటికి పెట్టి, ఒకదానికొకటి కవలల్లా.

మధ్యాహ్నం తర్వాత ఒకామె పరుగులాంటి నడకతో వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది, పలకల ఫ్యాక్టరీలో పని. మా దుకాణానికి వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నాకు తెలుసు. చేతులకు ఇంకా సున్నం ఉంది.

"అక్కా, మొన్న నేను గైడ్లు పెట్టిపోతినే, దాండ్లో పాటల పుస్తకం ఏమన్నా చూసినావా?"

"చూసినా" అన్నాను.

ఆమె ఉన్నచోటే కూర్చుండిపోయింది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళ మామ, అంటే భర్త తండ్రి, పోయి ఏడాది. ఆ సాయంత్రమే జ్ఞాపకార్థ కూడిక. దసరా సెలవులకైతే అందరికీ పని ఉండదని నవమికి పెట్టుకున్నారు. బేస్తవారిపేట వైపు పల్లెల నుంచి బంధువులు ఆటోల్లో బయల్దేరారు, పాస్టరు ఆరుకి వస్తాడు. కూడికకని ఇంటికి సున్నం వేస్తూ కొడుకు పాత గైడ్లన్నీ సంచిలో వేసి తెచ్చి ఇక్కడ పెట్టింది. ఏటా జూన్‌లో మనవడి పుస్తకాలకు ఆ పెద్దాయనే అట్టలు వేసేవాడు. అదే ఊపులో తన పాటల పుస్తకానికీ వేసుకునేవాడు. అన్నీ ఒకే క్యాలెండరు, ఒకే మడత. సున్నం చేతులతో తెరిచి చూడలేదు ఆమె.

"పల్లెలో చర్చిలో పాట ఎత్తేది మా మామే. సంవత్సరీకానికి నా పాట మొత్తం పాడండి, సగంలో వదలబాకండి అని చెప్పి పోయినాడు. మొదటి చరణాలు అత్తకు వచ్చు. ఆఖరిది ఆయనొక్కడే పాడేటోడు, మేమంతా పల్లవి అందుకునేటోళ్ళం. కొత్త పుస్తకాల్లో ఆ పాటే లేదక్కా. ఫోన్లో వెదికినాం. పాస్టరు గారిని అడిగినాం. నువ్వు చదివినావంటివే, ఆ ఆఖరి చరణం చెప్పు, రాసుకుంటా."

పెన్సిల్ గీత పాటేనా అని అడిగాను. అదే అంది.

నా జ్ఞాపకశక్తి నా మిషన్ లాంటిది. కాగితం తీసేస్తే అద్దం మీద ఏమీ మిగలదు. కళ్ళు మూసుకుని ఎంత తిప్పినా ఒక్క మాటే బయటికి వచ్చింది. "కొడవలి... కొడవలి ఏదో వస్తుంది."

"కొడవలి ఒక్కటి పట్టుకొని పాటెట్ల పాడేదక్కా" అంది. ఎగతాళి కాదు. ఏడుపు ఆపుకుంటోంది.

మామ దగ్గరికి వెళ్ళాం. పంచ కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. విషయం మొత్తం విన్నాడు.

"రేపు పొద్దున ఎనిమిదికల్లా ఇస్తా."

"రేపు దేనికి మామా? కూడిక ఈ పొద్దు" అన్నాను.

"తెలుసు పాపా. తెరవను."

ఈ లోపల పంచ దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగారు. పండగ పూట ఊరికే నిలబడే మనుషులు దొరకని వీధి కాదు మాది. "పూజలో ఉన్నదాన్ని తెరవమంటున్నారా? వాళ్ళ పాట కోసమా?" అని ఒకాయన గొంతు తగ్గించి అన్నాడు. తగ్గించాడు గానీ అందరికీ వినపడేంత తగ్గించాడు. ఆమె తల వంచుకుని చేతుల మీది సున్నం గోకుతోంది. సాయంత్రం బంధువులందరి ముందు ఆ పుస్తకం ఏమైందని అత్త అడిగితే చెప్పాల్సింది ఈమే. ఇక్కడ మాట పెరిగితే ఎటు పోతుందో కూడా నాకు కనిపిస్తోంది.

మామ ఆయన వైపు తిరిగాడు. "ఎవరి పాటైనా తెరవను. నీ కొడుకు హాల్ టికెట్ దాండ్లో ఉన్నా తెరవను. నువ్వు ఇంటికి పో, పొంగలి చల్లారిపోతది."

తర్వాత మాకు మాత్రమే వినపడేలా చెప్పాడు. ఉద్యోగంలో ఉండగా ఒక నవమి నాడు పూజ చేసి నిలబెట్టిన బస్సును స్పెషల్ అని తీయమన్నారట. తీశాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో మలుపు దగ్గర బండి లోయ వైపు జారింది. చెట్టు అడ్డం ఉండబట్టి ఆగింది. "మా కండక్టరుకు కాలు పోయె. నాకు ఒక్క గీత పడలేదు. అదే పాపా, నాకు గీత పడకపాయె" అన్నాడు. కొంచెం ఆగి, "మావోడి లారీ నంద్యాల నుంచి వస్తా ఉంది. ఈ టయానికి అడవిలో ఉంటాడు. ఇప్పుడు నన్ను తాళం తీయమంటారా" అని అడిగాడు.

నేను తాళం మీది కుంకుమ బొట్టు వైపు చూశాను.

అప్పుడు అవ్వ వచ్చింది. పోయిన పెద్దాయన భార్య. తెల్ల చీర, చేతిలో కర్ర. కోడలు ఎంతకీ రాకపోయేసరికి తానే బయల్దేరింది. కోడలు లేచి ఏదో చెప్పబోయింది. అవ్వ చేయెత్తి ఆపింది.

"తెలిసిందిలేమ్మే. నీ కొడుకు ఈడికొచ్చి చూసిపోయి చెప్పినాడు. సున్నం ఎవరన్నా కండ్లతో వేస్తారా, చేతుల్తోనే గదా. ఊరుకో." మామ వైపు తిరిగింది. "ఏం తమ్ముడా, తీయనంటివంట."

"తీయనక్కా. ఏమనుకోబాక."

"ఏమనుకుంటా. భయం ఎవురికి లేదూ?" నా దుకాణం మెట్టు మీద మెల్లగా కూర్చుంది. గోడ గడియారం ఐదు చూపిస్తోంది. అవ్వకు తొందర ఉన్నట్టే లేదు. నేను మాత్రం గడియారం మీంచి కళ్ళు తిప్పలేకపోయాను. "మీ నాయన గొర్రెలు కాసినాడు గదా" అంది.

"కాసినాడు. కొనకనమిట్ల కాడ. నేను గూడా కాసినా, లైసెన్సు వచ్చేదాకా."

"మందలో వేరేవాళ్ళ గొర్రె కలిస్తే మీ నాయన ఏం చేసేటోడు?"

"గుర్తుకు మెడకు గుడ్డ పీలిక కట్టి, ఇడిగా కట్టేసేటోడు. ఆసామి వస్తే ఇప్పి ఇచ్చేటోడు."

"పండగ నాడు వస్తే?"

మామ మొలతాడుకున్న తాళం చెవిని తడిమాడు.

"దొడ్డికి పూజ చేసిన నాడు వస్తే? మందకు పసుపునీళ్ళు చల్లి, గేటు కట్టేసిన నాడు?"

మామ బీరువా వైపు చూస్తూ అన్నాడు. "ఎప్పుడొచ్చినా ఇయ్యాల్సిందే. ఆసామి వచ్చి నిలబడినాక కూడా కట్టేసుకుంటే మన మందకే కీడు అనేటోడు నాయన."

"నీ మందలో నాది ఒకటి కలిసింది తమ్ముడా. నేనొచ్చి నిలబడినా. మళ్ళ నీ ఇష్టం."

పొంగలి చల్లారిపోతున్న ఆయన కూడా ఇంకా అక్కడే ఉన్నాడు. మామ ఫోన్ తీసి కొడుక్కి కలిపాడు. అందుబాటులో లేదంది. అడవిలో సిగ్నల్ ఉండదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆ గొంతు మొత్తం చెప్పేదాకా చెవి దగ్గరే పెట్టుకున్నాడు. తర్వాత లేచాడు.

"తాళం నేనే వేసినా, నేనే తీస్తా. పుస్తకాలకు చేయి పెట్టను. పాపా, నువ్వు తియ్యి. ఒక్కటే. ఏది ఆ గొర్రెనో అదొక్కటే. వేరేది ఒకటి కదిలినా నేను తలుపు మూసేస్తా. మళ్ళీ అడగబాకండి."

ఒకటే అంటే ఎలా? కింది అరలో పదికి పైగా తెల్ల వెన్నులు, ఒకే లావు. నేను దూర్చిన చోటు మామ సర్దుడులో ఎప్పుడో మాయమైంది. ఒక్కొక్కటి లాగి చూడ్డానికి లేదు. అద్దానికి పూసిన పసుపు తుడవడానికీ లేదు.

"నీదేదో గుర్తు చెప్పమ్మా" అని కోడల్ని అడిగాను. "చీటీ ఏమన్నా ఉందా, మరక ఏమన్నా?"

ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక్కసారిగా తెరిచింది. "డిసెంబరు. మామ తన పుస్తకానికి డిసెంబరు కాగితమే వేసుకునేటోడు. పండగ నెల నాది, పరీక్షల నెలలన్నీ మీవి అని పిల్లోణ్ణి ఏడిపిచ్చేటోడు."

అట్ట తెలుపు బయటికి, తేదీలు లోపలికి. కానీ ఆ కాగితం పల్చన. తలుపు తెరిచాక ఫోన్ లైటు వేసి వంగితే వెన్నుల మీద అంకెలు నీడల్లా కనిపించాయి, తిరగబడి. తిరగబడ్డవాటిని చదవడం ఒక్కటే నాకు దేవుడిచ్చిన విద్య. గిరాకీ వాళ్ళు ఎదురుగా నిలబడి కాగితం అటువైపు తిప్పి పెడితే ఇటు నుంచే చదువుతుంటాను. నల్ల అంకెలు అక్కర్లేదు. ఎర్రది కావాలి. క్రిస్మస్, ఇరవై ఐదు.

ఎర్ర అయిదులు రెండు పుస్తకాల మీద కనిపించాయి.

రెండిటికీ ముందు అంకె మడతలోకి పోయింది. ఒకటి ఇరవై ఐదు. ఇంకోటి పదిహేను, ఆగస్టు. పిల్లవాడి గైడుకు స్వాతంత్ర్య దినం, పెద్దాయన పాటలకు క్రిస్మస్. నేను వాటి మధ్య, వంగిన నడుముతో.

"దొరికిందా?" అన్నాడు మామ. తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు, ఇంజెక్షన్ వేయించుకునేవాళ్ళలా.

"ఒక్క నిమిషం మామా."

చేయి చాచాను, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. నా వెనక అవ్వ ఊపిరి వినిపిస్తోంది. తప్పు పుస్తకం తీస్తే ఆవిడ చేతిలో లెక్కల గైడు పెట్టాలి. దాన్లో చివరి చరణం ఉండదు, జవాబులుంటాయి.

ఆ క్యాలెండరు మా దుకాణంలోనూ ఉంది, పలకల వ్యాపారి ఏటా పంచేది. వెనక్కి తిరిగి గోడ వైపు చూశాను. వారాల పేర్లు పైన వరసగా, తేదీలు వాటి కింద నిలువుగా దిగుతాయి. పదిహేను కింద ఇరవై రెండు, ఇరవై తొమ్మిది ఉంటాయి. ఇరవై ఐదు కింద ఏ అంకే ఉండదు, అక్కడితో ఆ వరస అయిపోతుంది. మళ్ళీ వంగాను. ఎడమ పక్క పుస్తకం మీద ఎర్ర అయిదు కింద ఇంకో రెండు నీడలున్నాయి. కుడి పక్క దాని మీద ఎర్ర అయిదు కింద ఖాళీ తెలుపు.

కుడి పక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. పక్కవి బిగుసుకున్నాయి. ఒకటి దాంతోపాటు జరగబోయింది. ఎడమ చేత్తో దాన్ని ముట్టుకుంటే ముట్టుకున్నట్టే కదా అని గడ్డంతో ఆపాను. అంత గౌరవం నా గడ్డానికి అంతకుముందు ఎప్పుడూ దక్కలేదు. పుస్తకం బయటికి వచ్చింది. తెరవడానికి నాకు ధైర్యం చాలక అవ్వ చేతిలో పెట్టాను.

అవ్వకు చదువు రాదు. తెరిచి, వాసన చూసి, కోడలికి ఇచ్చింది. కోడలు పేజీలు తిప్పుతూ పెన్సిల్ గీత దగ్గర ఆగింది. ఆమె పెదాలు కదలడం చూశాక గానీ నేను నడుం నిటారు చేయలేదు.

మామ తాళం వేసి, తాళం మీద మళ్ళీ కుంకుమ బొట్టు పెట్టాడు. అవ్వ ఆయన చేయి పట్టుకుంది. "నీ కొడుకు కోసం కూడా ప్రార్థన చేపిస్తా" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

మామ స్టూలు మీద కూర్చోలేదు. పంచకూ రోడ్డుకూ మధ్య తిరుగుతూ ఫోన్ కలుపుతూనే ఉన్నాడు. అందుబాటులో లేదు. దుకాణం మూసే పని లేకపోయినా, తెరిచే పని అసలే లేకపోయినా, నేనూ అక్కడే ఉన్నాను. పుస్తకం లాగింది నేనే కాబట్టి ఘాట్‌లో లారీకి ఏమన్నా అయితే సగం పాపం నా వేళ్ళ మీదికి వస్తుందని ఎందుకో అనిపించింది. అలాంటివి నమ్మనని అప్పటిదాకా అనుకునేదాన్ని.

వెనక వీధిలో పాట మొదలైంది. ముందు చరణాలు అందరూ కలిసి, చప్పట్లతో. తర్వాత చప్పట్లు ఆగాయి. ఒక్క ఆడగొంతు మిగిలింది, కోడలిది. తడబడుతూ, చదువుతూ పాడుతున్నట్టు. కొడవలి అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. పల్లవి అందరూ అందుకున్నారు. పాట పూర్తయింది. మామ విన్నాడో లేదో. ఆయన చెవి దగ్గర ఫోనే ఉంది.

బంధువుల ఆటోలు తిరుగుముఖం పట్టే వేళకు ఫోన్ మోగింది. మామ ఒక్క మాటే అడిగాడు. "దిగినావా?" అవతల ఏం చెప్పాడో గానీ, మామ స్టూలు మీద కూలబడి, "టీ తాగుతున్నాడంట. గిద్దలూరులో టీ తాగుతున్నాడంట వెధవ" అని నాకు చెప్పి, ఫోన్ పెట్టేయడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు.

దశమి పొద్దున ఉద్వాసనకు కొబ్బరికాయ పట్టుకుని నిలబడేసరికి అవ్వ కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. చంకలో పాటల పుస్తకం.

"ఇదేందక్కా, మళ్ళీ తెచ్చినావు?" అన్నాడు మామ.

"పూజలో కూర్చున్నది గదా ఇది గూడా. మధ్యలో లేసొచ్చింది. మీ ఉద్వాసనేదో దీనికి గూడా చెప్పు. మళ్ళ మనసులో పెట్టుకుంటావు."

మామ పుస్తకాన్ని తీసుకుని, కింది అరలో ఖాళీగా ఉన్న సందులో నిలబెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. పసుపునీళ్ళు చల్లాడు. ఆ చేత్తోనే పుస్తకాన్ని తీసి అవ్వకు ఇచ్చాడు. అట్ట మీద రెండు పసుపు చుక్కలు పడ్డాయి.

నేను నా మిషన్ బొట్లు తుడిచి స్విచ్ వేశాను. అది వేడెక్కడానికి కొంచెం సమయం పడుతుంది. అవ్వ పెన్సిల్ గీత పేజీ తీయించి నాకు అందించింది. "నాలుగు తియ్యమ్మా. పల్లెకు ఒకటి, ఇంట్లో రెండు. ఇంకోటి ఆ బీరువాలో పెట్టు."

అయిదు తీశాను.